వాల్వ్ తెరిచే ఉంది

“వాల్వ్ తిప్పడం మరిచిపోయాను. తప్పు నాదే. అందరికీ ఆ మాటే చెప్పు, డేగమ్మా.”

స్ట్రెచర్‌ని అంబులెన్సులోకి ఎక్కిస్తుంటే బావ అన్న మాటలివి. మొహం సగం మసి, సగం తెల్లటి పట్టీ. రెండు చేతులూ తడిగుడ్డల్లో చుట్టి ఉన్నాయి. నొప్పికి పళ్లు బిగపట్టుకుంటూనే ఆ మాట మాత్రం పాఠం అప్పజెప్పినట్టు స్పష్టంగా చెప్పాడు.

తలుపు మూసుకుంది. అంబులెన్సు కూత పెట్టుకుంటూ గేటు దాటింది. వెనక మిక్సింగ్ రూమ్ కిటికీల్లోంచి పొగ ఇంకా సుళ్లు తిరుగుతూనే ఉంది. మంటలార్పేవాళ్ల గొట్టాల్లోంచి కారిన నీళ్లు మెట్ల మీద సిరాలా నల్లగా పారుతున్నాయి.

డేగమ్మ ఆమె అసలు పేరు కాదు. ఈ బ్యాటరీ ల్యాబులో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఆమె చేతిలో ఉంటుంది. వెంట్రుక మందంలో వెయ్యో వంతు రేణువునైనా తన్నుకుపోతుందని బావే ఆ పేరు పెట్టాడు. పరాయివాడేం కాదు, సొంత అక్క మొగుడు. మిక్సింగ్ రూమ్ ఆయన రాజ్యం. పొడిని నీళ్లతో, జిగురుతో కలిపి, రాగి రేకు మీద పూయడానికి తగ్గ స్లరీ తయారుచేయడం ఆయన పని. ఆ రేకే తర్వాత బ్యాటరీలో ఎలక్ట్రోడ్ అవుతుంది.

“పిన్నీ! నాన్న మరిచిపోవడమేంటి?”

బుల్లి. బావ ఒక్కగానొక్క కూతురు. చదువు ముగించి ఈ మధ్యే ఇదే ల్యాబులో చేరింది. ఒక కాలికి చెప్పు లేదు. అది కూడా తెలియనట్టు నీళ్లలో నిలబడి ఉంది.

“నాకు పది సార్లు చెప్పేవాడు. మూత మూస్తే వాల్వ్ తెరువు, మూత మూస్తే వాల్వ్ తెరువు అని. అన్నం తినేటప్పుడు కూడా అదే గోల. అలాంటి మనిషి...”

“ముందు ఆసుపత్రికి పద. అమ్మ ఒక్కతే ఉంటుంది.”

బుల్లిని బండెక్కించి వెనక్కి తిరిగేసరికి కొలిమి మామ గోడకు చేరగిలపడి ఉన్నాడు. ఫర్నేసులో పొడిని కాల్చే పెద్దాయన ఆయన. ల్యాబులో డైరెక్టరు దగ్గర్నుంచి ఊడ్చేవాళ్ల దాకా అందరికీ మామే.

“పిల్లికి కూడా బిచ్చం పెట్టని మనిషి కదమ్మా మీ బావ,” అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. “ఇవాళ మమ్మల్నందర్నీ పిలిచి, ‘పొండి, టీ నా లెక్కలో తాగిరండి’ అన్నాడు. ‘సూర్యుడు ఎటు పొడిచాడురా’ అని నవ్వుకుంటూ వెళ్లాం. కప్పు నోటి దాకా రాలేదు, ఢాం అని...”

ఆ టీ మాట దగ్గర డేగమ్మకు లెక్క కుదరలేదు. అందర్నీ బయటికి పంపాడా? మతిమరుపుతో ప్రమాదం తెచ్చుకున్నవాడికి ప్రమాదం వస్తోందని ముందే ఎలా తెలిసింది?

మర్నాడు పొద్దున డైరెక్టరు ఆమెను పిలిపించాడు. ల్యాబులో అందరూ ఆయన్ని పెద్దసారు అంటారు. ఎండాకాలం కూడా కోటు తీయని మనిషి.

“విచారణకు ఫోటోలు కావాలమ్మా. కాలిన గదిలో ఏది ఎక్కడుందో తీసిపెట్టండి. పెద్ద పనేం లేదు. ఆయనే ఒప్పుకున్నాడుగా. లోపల గ్యాసు చేరింది, వాల్వ్ మూసి ఉంది, డ్రమ్ము పేలింది. మానవ తప్పిదం.” గొంతు తగ్గించాడు. “రెండో బిల్డింగులో ఇంకో మిక్సర్ ఉందిగా. దాన్ని త్వరగా మొదలుపెట్టాలి. నమూనాలు ఇస్తామని కొనేవాళ్లకు మాటిచ్చి ఉన్నాం.”

ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట ఇంకొకడు. ఆ సామెత నాలిక చివరి దాకా వచ్చింది గాని డేగమ్మ మింగేసి కెమెరా తీసుకుని వెళ్లింది.

మిక్సింగ్ రూమ్‌లో సీలింగు పలకలు కరిగి వేలాడుతున్నాయి. ఎప్పుడూ బావ కూనిరాగంతో, మోటారు రొదతో నిండి ఉండే గది. ఇప్పుడు నీటిచుక్కల చప్పుడు తప్ప ఏమీ లేదు. స్టీలు డ్రమ్ము ఓ పక్కకు ఒరిగి ఉంది. మూత ఊడి తలుపు దగ్గర పడి ఉంది. దాని మీద బొటనవేలంత వాల్వ్. పిడి విరిగిపోయింది కాబట్టి తెరిచి ఉందో మూసి ఉందో పైనుంచి చూస్తే తెలియదు.

ఫోటో తీసుకుని వెళ్లిపోవచ్చు. కానీ డేగ కన్ను ఊరుకోదు.

మూతను వెలుతురుకి ఎత్తి వాల్వ్ గొంతులోకి చూసింది. లోపల నల్లటి పెచ్చు. పిన్నుతో గీకింది. మసి కాదు, స్లరీ. పాలు పొంగినట్టు పొంగి, వాల్వ్ రంధ్రంలోంచి పైకి తన్నుకొచ్చి, అక్కడే మాడిపోయింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే పెచ్చు.

వాల్వ్ మూసి ఉంటే స్లరీ అవతలి వైపుకి వచ్చే దారే లేదు.

వాల్వ్ తెరిచే ఉంది.

మూత చేతిలో పట్టుకుని ఆమె అలాగే నిలబడిపోయింది. చేయని తప్పును నెత్తిన వేసుకున్నాడు బావ. చావు అంచున ఉన్న మనిషి అబద్ధం చెప్పాడంటే అది తన కోసం కాదు. మరెవరి కోసం?

అది కనిపెడితే బావ పేరు నిలబడుతుంది. లేకపోతే, జీవితమంతా వాల్వులు తిప్పిన మనిషి వాల్వ్ మరిచి ల్యాబు తగలబెట్టాడన్న మాటే మిగిలిపోతుంది. అక్క ఆ మాటతోనే బతకాలి.

స్లరీ ఎందుకు పొంగింది? అక్కడ మొదలుపెట్టింది డేగమ్మ.

ఈ ల్యాబు చేసే పొడి మామూలు బొగ్గుపొడి కాదు. సన్నటి సిలికాన్ రేణువు చుట్టూ కార్బన్ పెంకు ఉంటుంది. రెంటికీ మధ్య కాస్త ఖాళీ. అచ్చం వేరుశనగ కాయే. బ్యాటరీ చార్జవుతుంటే సిలికాన్ ఉబ్బుతుంది. ఆ ఖాళీలోనే ఉబ్బి, ఆ ఖాళీలోనే తగ్గుతుంది. అందుకే ల్యాబులో అందరూ లోపలిదాన్ని ‘గింజ’ అనీ, పెంకును ‘కాయ’ అనీ అంటారు. కాయ గట్టిగా ఉన్నంతసేపు గింజకు నీళ్లు తగలవు. పగిలిందా, ఒట్టి సిలికాన్ నీళ్లను విరిచి హైడ్రోజన్ వదలడం మొదలుపెడుతుంది. చిన్న నిప్పురవ్వ చాలు.

కాయ పగలకుండా ఒక్కటే నియమం. ఫర్నేసు నుంచి వచ్చిన పొడి గడ్డలు కడితే జల్లెడ పట్టాలి. ఎంత విసుగు పుట్టినా సరే, మళ్లీ మరలో వేయకూడదు. లోపల గట్టి గుండ్లతో గిరగిరా తిరిగే మర కాయల్ని నుజ్జు చేసేస్తుంది. పొడి ఎంత మెత్తగా ఉంటే అంత మంచిదని చదువుకుని వచ్చిన కుర్రవాళ్లకు ఈ ముక్క తలకెక్కడానికి చాలా కాలం పడుతుంది.

ఫర్నేసు గదిలో ప్రతి పొడికీ ఒక చిటికెడు సీసాలో దాచడం అలవాటు. దాన్నీ, మిక్సింగ్ రూమ్‌లో తూకం బల్ల వెనక రాలిపడిన పొడినీ తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టింది. మొదటిది తెర మీదికి వచ్చింది. గుండ్రటి కాయలు, ఒకదాని పక్కన ఒకటి. కొలిమి మామ పనిలో పొల్లు లేదు.

రెండోది వచ్చింది.

గుడ్ల బుట్ట మీద ఏనుగు కూర్చున్నట్టు ఉంది. పెంకులు పెంకులుగా చితికిపోయి, గింజలన్నీ బయటపడి ఉన్నాయి.

ఫర్నేసుకీ మిక్సర్‌కీ మధ్య ఎవరో మర పట్టారు!

అక్కడక్కడా మిలమిలా తెల్లటి చుక్కలు కూడా ఉన్నాయి. ఈ మైక్రోస్కోపులో బరువైన లోహం తెల్లగా మెరుస్తుంది. యంత్రాన్ని ఆ చుక్క మీద పెట్టి అడిగింది. ఆ లోహం టంగ్‌స్టన్ అని యంత్రం చెప్పింది.



మర పట్టే జాడీలు ఎవరివి వాళ్లకే ఉంటాయి ఈ ల్యాబులో. పళ్లు తోముకునే బ్రష్షు లాగే ఒకరిది ఒకరు ముట్టరు. ముడితే ఒకరి పొడిలో ఒకరి మురికి చేరుతుంది. జాడీలన్నీ తెల్లటి పింగాణీ లాంటివి. ఒక్కటే టంగ్‌స్టన్‌ది, నల్లగా, ఎత్తితే భుజం పీకేంత బరువుగా ఉంటుంది.

అది బావది.

ఆసుపత్రిలో కాలినవాళ్ల వార్డు బయట బెంచీ మీద అక్క కూర్చుని ఉంది. ఒళ్లో బావ కళ్లజోడు. దాన్నే తుడుస్తోంది, మళ్లీ తుడుస్తోంది.

“రావే. డాక్టరు ఏమీ తేల్చడు. చూద్దాం అంటాడు. ఏం చూస్తాడో.” కళ్లజోడు మడిచి మళ్లీ తెరిచింది. “గ్యాసు పొయ్యి కట్టేశానా లేదా అని నేను సగం దారిలో వెనక్కి పరిగెడితే నవ్వేవాడు కదే. ‘నీ మతిమరుపుతో నాకు చావుందే’ అనేవాడు. ఇప్పుడు ఆయనే మరిచాడా? నా మతిమరుపు అంటుకుందంటావా?”

“ఊరుకో అక్కా.”

“బుల్లి నిన్నటి నుంచి ఒక్క మెతుకు ముట్టలేదు. తండ్రి మీద కోపంగా ఉంది దానికి. ఏడుపు రావడం లేదు, కోపం వస్తోంది.”

డేగమ్మ లోపలికి వెళ్లింది. ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని, ఒంటిమీద ఆకుపచ్చ గౌను తొడుక్కుని, మంచం పక్కన నిలబడింది. బావ కళ్లు తెరిచాడు. నవ్వబోయి, చర్మం లాగేసరికి ఆగిపోయాడు.

“డేగ వాలిందా?” గొంతు ఊపిరంతే ఉంది.

“బావా, వాల్వ్ తెరిచే ఉంది.”

బావ చూపు తలుపు వైపు మళ్లింది.

“అది మర పట్టిన పొడి. కాయలన్నీ చితికిపోయాయి. ఎవరు పట్టారు?”

“నేనే.”

“ఎందుకు?”

“గడ్డలున్నాయి. విసుగేసింది.”

“తెల్ల జాడీలోనేనా?”

“ఆఁ... తెల్లదే.”

అడగ్గానే అవుననేశాడు. ఆ పొడిలో టంగ్‌స్టన్ ఉందని ఆయనకు తెలియదు. ఆ క్షణంలో ఏమడిగినా ఒప్పుకునేలా ఉన్నాడు. ఊళ్లో దొంగతనాలన్నీ నువ్వే చేశావా అన్నా తల ఊపేవాడు.

“నల్ల జాడీ బావా. నీది. అది ఇప్పుడు ఎవరి దగ్గరుంది?”

మంచం పక్కన యంత్రం టిక్కు టిక్కుమంటోంది. బావ కళ్ల చివర నీళ్లు నిండి, చెవి వైపుకి జారాయి.

డేగమ్మకు జవాబు అక్కర్లేకపోయింది. బుల్లి ఉద్యోగంలో చేరిన రోజున ఆ జాడీని ల్యాబు వాళ్లందరి ముందూ కూతురి చేతిలో పెట్టాడు బావ. బరువుకి ఆ పిల్ల తూలిపోతే, “ఇదే ఎత్తలేకపోతే రేపు నన్నేం ఎత్తుతావే” అని నవ్వాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తనూ కొట్టింది.

“గడ్డలుంటే రేకు మీద గీతలు పడుతున్నాయి,” బావ మెల్లగా మొదలుపెట్టాడు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటున్నాడు. “పెద్దసారు అందరి ముందూ నన్ను తిట్టాడు. వయసైపోయింది, చెయ్యి వణుకుతోందన్నాడు. పిల్ల వింది. నా భుజం నొప్పి దానికి తెలుసు, జల్లెడ పట్టలేనని తెలుసు. మర్నాడు పొడి తెచ్చి ఇచ్చింది. ‘పట్టులా మెత్తగా చేశాను నాన్నా, ఇంక నిన్నెవడు తిడతాడో చూస్తా’ అంది.”

“నీకు తెలియలేదా?”

“రంగు కాస్త మట్టి రంగు కొట్టింది. అనుమానం వచ్చింది. పారబోయాల్సింది.” కళ్లు మూసుకున్నాడు. “దాని మొహం చూశాక పారబోయలేకపోయాను, డేగమ్మా. కలిపి చూద్దాం, తేడా వస్తే నేనే ఉంటానుగా అనుకున్నాను. వాల్వ్ తెరిచే పెట్టాను. నురగ లేచింది. అందర్నీ టీకి తరిమేశాను. పరిగెత్తుకెళ్లి మోటారు ఆపబోయాను. స్విచ్ దగ్గరే...”

నర్సు లోపలికి తొంగిచూసింది. చాలు అన్నట్టు చెయ్యి చూపింది.

“దానికి తెలియదు. తెలియకూడదు. మా నాన్నను నేను చంపుకున్నాననే మాట మోసుకుని ఆ పిల్ల బతకలేదు. నన్ను మతిమరుపు మనిషి అనుకోనీ. కోపగించుకోనీ. కోపం పోతుంది. అది మాత్రం పోదు.”

“నీ పేరు పోతుంది బావా.”

“నాకు పేరెక్కడ ఏడ్చింది? నీ పేరైనా నేనే పెట్టాను, దానికి బదులు తీర్చు.” ఆ స్థితిలో కూడా పెదవి చివర వంకర నవ్వు. “పొడంతా కాలిపోయింది. ఇంక ఎవరికీ హాని లేదు. మాటివ్వు.”

ఆయన చేతులు పట్టుకోవడానికి లేదు. మంచం చువ్వ పట్టుకుని డేగమ్మ మాటిచ్చింది.

తెల్లవారేసరికి బావ పోయాడు.

విచారణలో పెద్దసారు చెప్పిందే ఖాయమైంది. మానవ తప్పిదం. డేగమ్మ వాల్వ్ ఫోటో ఇవ్వలేదు. మైక్రోస్కోపు చిత్రాలు ఎవరికీ చూపించలేదు. కొలిమి మామ మాత్రం కనిపించినవాళ్లందరితో, “ఆయన మరవడమా? నా పేరు నేను మరిచిపోతానేమో గాని” అని పోట్లాడుతూనే ఉన్నాడు. ఆ మాట వినబడినప్పుడల్లా డేగమ్మ దారి మార్చుకునేది.

కొన్నాళ్లకు ఓ మధ్యాహ్నం అక్క ఇంటికి వెళ్లింది. అక్క బావ చొక్కాలు మడతపెడుతోంది. ఎవరికీ ఇవ్వదు, బీరువాలోనూ పెట్టదు. విప్పుతుంది, మడుస్తుంది.

“బుల్లేది?”

“ఇవాళే పనిలోకి వెళ్లింది. వద్దన్నా వినలేదు. నాన్న సగంలో వదిలేసిన పని నేను పూర్తి చేస్తానంది.” అక్క ఒక కాలరు సరిచేసింది. “ఆ పొడి ఇంకో డబ్బా మిగిలిందటగా. రెండో బిల్డింగులో దాచిందట. అది తనే సొంతంగా చేసిన పొడట, నాన్న ఎంతో మెచ్చుకున్నాడట. ఇవాళ మధ్యాహ్నం అదే కలుపుతుందట. ‘భయపడకమ్మా, నేను నాన్నలా మరిచిపోను, వాల్వ్ తెరిచే ఉంచుతాను’ అని చెప్పి మరీ వెళ్లింది.”

డేగమ్మ దిగ్గున లేచింది.

“ఏమైందే?”

ఫోను తీసింది. బుల్లి ఫోను మోగి మోగి ఆగిపోయింది. మిక్సింగ్‌లోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, బయట అరలో పెట్టించేస్తారు. పెద్దసారు ఫోను ఎత్తలేదు. గేటు దగ్గర నంబరు ఎప్పటిలాగే బిజీ.

“అక్కా, స్కూటర్ తాళం!”

“నేనూ వస్తాను.”

“వద్దు.”

“వద్దంటే ఊరుకుంటానా? మీ బావ ఇలాగే నన్ను వదిలి ఒక్కడే పోయాడు.”

వాదించే సమయం లేదు. అక్క వెనక కూర్చుని నడుం పట్టుకుంది. దారిలో ఎర్రదీపాలు లెక్కచేయలేదు. ఓ లారీవాడు బండబూతు తిట్టాడు. డేగమ్మ కళ్ల ముందు ఒకటే దృశ్యం. నురగ, నురగ వైపు వంగిన బుల్లి మొహం. పొడంతా కాలిపోయిందని నమ్మి నోరు కట్టేసి వెళ్లాడు బావ. ఆయన ఎవరిని కాపాడాలనుకున్నాడో ఆ పిల్లే ఇప్పుడు ఆ డ్రమ్ము పక్కన నిలబడి ఉంది. ఇచ్చిన మాటే దాని మెడకు ఉరి అవుతోంది.

రెండో బిల్డింగు వరండాలోకి పరిగెత్తింది. అద్దాల తలుపు అవతల మిక్సర్ తిరుగుతోంది. తండ్రి పాత కోటే వేసుకుంది బుల్లి, చేతులు మడుచుకుని. పక్కన కొలిమి మామ. కొత్త మిక్సర్ ఎలా తిరుగుతుందో చూడ్డానికి పెద్దసారు స్వయంగా వచ్చి నిలబడ్డాడు. వాల్వ్ తెరిచే ఉంది. దాని నోటి దగ్గర నల్లటి బుడగ ఒకటి ఉబ్బి పగిలింది. ఇంకోటి ఉబ్బుతోంది.

లోపల స్విచ్ ముట్టుకోకూడదు, రవ్వ లేస్తుంది. బావ చేసిన పని అదే. వరండా చివర కరెంటు మెయిన్ పెట్టె ఉంది. పరిగెత్తి పిడి కిందికి లాగింది. బిల్డింగంతా ఒక్కసారిగా చీకటై, మోటారు మూలుగుతూ ఆగిపోయింది.

“ఎవరమ్మా అది?” లోపల్నుంచి పెద్దసారు కేక.

“ఏదీ ముట్టుకోకండి! తలుపులు తీసి బయటికి రండి! బుల్లీ, రావే! మామా, దాన్ని లాక్కురండి!”

ఆ గొంతు విని కొలిమి మామ ఇంకేమీ అడగలేదు. పిల్ల రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చాడు. పెద్దసారు కోటు గడియకు తగులుకుని చిరిగింది. అందరూ పెరట్లోకి వచ్చిపడ్డారు. తలుపులు, కిటికీలు బార్లా తెరిచి దూరంగా నిలబడ్డారు. తెరిచిన తలుపులోంచి చూస్తే డ్రమ్ము మూత మీద నురగ బుసబుసా పొంగుతూ నేల మీదికి కారుతోంది. నిప్పు తగల్లేదు. గాలి వీస్తోంది. చాలాసేపటికి నురగ అణిగింది.

అక్క మెట్ల దగ్గర కూలబడి కూతుర్ని గుండెకు హత్తుకుంది.

బుల్లి మాత్రం డ్రమ్ము వైపే చూస్తోంది. “వాల్వ్ తెరిచే ఉంది పిన్నీ,” అంది. “నేను తెరిచాను. రెండుసార్లు చూసుకున్నాను. అయినా పొంగింది.” పిన్ని వైపు తిరిగింది. “అంటే... ఆ రోజు కూడా నాన్న తెరిచే ఉంచాడా?”

“తెరిచే ఉంచాడు తల్లీ.”

అక్క తల ఎత్తింది. ఇన్నాళ్ల తర్వాత ఆ మొహంలోకి ప్రాణం వచ్చింది. “విన్నారా? విన్నారా అందరూ? నా మొగుడు మరవలేదు!”

“అయితే మరి పొడిలోనే లోపం!” పెద్దసారు తేరుకున్నాడు. చిరిగిన కోటు సర్దుకుంటూ చుట్టూ చూశాడు. చూపు కొలిమి మామ దగ్గర ఆగింది. “పొడి కాల్చేది నువ్వు కదయ్యా! కాయ సరిగ్గా కట్టకుండా తీసేశావన్నమాట. ఒక మనిషి ప్రాణం తీసి, ఇవాళ ఇంకో ఇద్దర్ని చంపబోయావు!”

“సారూ!” ముసలాయన ఒక అడుగు ముందుకేశాడు. “నా కొలిమిలో... అంత మాటనకండి సారూ. ఆయన నా తోడబుట్టినవాడి కంటే...”

“రేపు పొద్దున్న పోలీసులకు చెప్పుకో ఆ మాట!”

“మామా?” బుల్లి తల్లి చేతులు విడిపించుకుని లేచింది. ఇన్నాళ్లు తండ్రి మీదున్న కోపమంతా ఒక్క గంతులో అటు తిరిగింది. “నువ్వా మామా? నువ్వు చేసిన పొడికి మా నాన్న బలయ్యాడా? శవం దగ్గర నా తల నిమిరావే! నీకు చేతులెలా వచ్చాయి?”

కొలిమి మామ ఆ చేతులకేసే చూసుకున్నాడు. నిజంగానే తప్పు చేశానేమో అని వెతుక్కుంటున్నట్టు చూసుకున్నాడు.

డేగమ్మకు మంచం చువ్వ చల్లదనం అరచేతికి ఇంకా తెలుస్తోంది. మాటిచ్చింది. కానీ బావ తన పేరు ఇచ్చాడు, ఇంకొకరి పేరు ఇమ్మనలేదు. ఈ ముసలాయన్ని జైలుకి పంపి ఆ మాట నిలబెట్టుకోవడం ఎలా?

“మామ పొడి మంచిదే,” అంది. “నేను చూశాను. ఫర్నేసు నుంచి వచ్చినప్పుడు ఒక్క కాయ కూడా పగల్లేదు. ఆ తర్వాత ఎవరో దాన్ని మరలో వేశారు.”

మరలో వేయడమంటే ఏమిటో అక్కకు తప్ప అక్కడ అందరికీ తెలుసు.

బుల్లికి మాత్రం తెలుసుకోవడానికి కాస్త సమయం పట్టింది. చితికిన కాయ, నీళ్లు, గ్యాసు అన్నీ పుస్తకాల్లో చదివినవే. ఒక్కొక్కటే కళ్లలోకి వచ్చి నిలుస్తుంటే ఆ మొహంలో రక్తం దిగిపోవడం డేగమ్మ చూసింది. దగ్గరికి వెళ్లి, బావ కోటు చేతుల్లో మునిగిపోయిన ఆ చిన్న చేతుల్ని గట్టిగా పట్టుకుంది.

“కాదని చెప్పు పిన్నీ.” గుసగుసలా అంది. “ఎవరు వేశారు? ఎవరో చెప్పు.”

“నువ్వే, తల్లీ. మర పట్టింది నువ్వే.”